నొప్పి వెనుక లెక్క – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని అడిగినప్పుడు మా ముందుకు చాలా పేర్లు వచ్చాయి. అంబేద్కర్ గారి గురించి, జ్యోతిరావు ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ఇలాంటి సంచికల్లో ఎందరో రాశారు. ఇంకా రాయాలి కూడా. ఈసారి మేము ఒక శాస్త్రవేత్తను ఎంచుకున్నాం. ఎందుకంటే మనమంతా పుస్తకాలు పట్టుకుని హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఇంటి దగ్గర వదిలి వచ్చేది ఒకటుంది. అది మన అమ్మానాన్నల ఒంటి నొప్పులు.

మదనపల్లె టమాటా మార్కెట్‌లో బాక్సులు ఎత్తి దించే నాన్నలు, నీరుగట్టువారిపల్లెలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి పొద్దంతా పట్టుచీర నేసే అన్నలు, పుంగనూరు పల్లెల్లో నడుము వంచి శనక్కాయ చెట్లు పెరికే అమ్మలు, కుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు కూలిపనులకు పోయే మామలు. వీళ్ళెవరిని అడిగినా నడుమో, మోకాలో, భుజమో, చేతివేళ్ళో చూపిస్తారు. రాత్రికి నూనె రుద్దుకుంటారు, కాపడం పెట్టుకుంటారు, అమృతాంజనం పూసుకుంటారు, తెల్లవారి మళ్ళీ పనికి పోతారు. ఆ ఒళ్ళు ఎలా పనిచేస్తుంది, ఎందుకు అలుస్తుంది, నొప్పికి ఏ మందు ఉంది అనే ప్రశ్నలకు ప్రపంచానికి జవాబులు వెతికి ఇచ్చినవారిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

బాల్యం – తప్పిన పరీక్షలు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఆయన నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగాలేక ఉద్యోగం ముందే వదులుకోవలసి వచ్చింది. ఇల్లు గడవడం కష్టమైంది.

పదమూడేళ్ళ వయసులో సుబ్బారావు ఒక బంధువుల కుర్రాడితో కలిసి ఇంట్లో చెప్పకుండా కాశీకి బయలుదేరాడు. అక్కడ యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి బాగా డబ్బు సంపాదించాలని ఆలోచన. దూరం పోకముందే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తర్వాత కొన్నేళ్ళకు తండ్రి చనిపోయారు. తల్లి ఒంటి మీది బంగారం అమ్మి కొడుకు చదువు నిలబెట్టింది. అయినా మెట్రిక్యులేషన్ మొదటిసారి తప్పింది. రెండోసారీ తప్పింది. మూడోసారికి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి రాసి పాసయ్యాడు.

ఈ సంగతి మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు గుర్తు పెట్టుకోవాలి. పదో తరగతి సప్లిమెంటరీ రాసినవాళ్ళు మన మూడు ఊళ్ళ హాస్టళ్ళలోనూ ఉన్నారు. ఊరికి పోతే అందరూ అదే అడుగుతారని సెలవులకు కూడా ఇంటికి పోకుండా హాస్టల్‌లోనే ఉండిపోయినవాళ్ళను మేము చూశాం. రెండుసార్లు తప్పిన ఆ కుర్రాడు తర్వాత ఏం చేశాడో కింద చదవండి.

ఇంకొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. సుబ్బారావు గారిది పేదరికమే కానీ మనది లాంటి సామాజిక నేపథ్యం కాదు. అగ్రకులంలో, చదువు తెలిసిన కుటుంబంలో పుట్టారు. చేయి అందించే బంధువులు, మిత్రులు ఆయనకు దొరికారు. మనలో చాలామందికి డిగ్రీ వరకు వచ్చినది ఇంట్లో తామే మొదటివాళ్ళు. ఫారం నింపడానికి కూడా ఇంట్లో అడిగే మనిషి ఉండరు. ఆ తేడా తెలుసుకునే ఆయన జీవితాన్ని చదవాలని మా అభిప్రాయం. తేడా ఉన్నా ఆయన నుంచి తీసుకోవలసింది చాలా ఉంది.

ఖద్దరు కోటు – చేజారిన డిగ్రీ

ఇంటర్మీడియట్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివారు. ఆ రోజుల్లో ఆయన మనసు సన్యాసం వైపు పోయింది. రామకృష్ణ మఠంలో చేరాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మఠంలోని పెద్దలు కూడా వైద్యం చదివి ప్రజలకు సేవ చేయమని సలహా ఇచ్చారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులు సాయం చేశారు. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువు ఖర్చు భరించారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరి గారితో సుబ్బారావు గారి వివాహం జరిగింది.

అప్పుడే గాంధీజీ విదేశీ వస్త్రాలు వదలమని పిలుపునిచ్చారు. సుబ్బారావు గారు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటుతోనే వెళ్ళారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు ఇది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా, చివరికి సుబ్బారావు గారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ రాలేదు. దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో చేరడానికి ప్రయత్నించారు. అదీ కుదరలేదు.

ఈ మధ్యలోనే ఆ ఇంటిమీద పెద్ద దెబ్బ పడింది. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఈ జబ్బులో పేగులు తిన్న తిండిలోని సారాన్ని పీల్చుకోలేవు. విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. వైద్యం చదువుతున్న మనిషి ఇంట్లోనే ఉన్నాడు కానీ ఆ జబ్బుకు అప్పుడు సరైన మందు ఎవరి దగ్గరా లేదు.

ప్రభుత్వ ఉద్యోగం రాని సుబ్బారావు గారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే లెక్చరర్‌గా చేరారు. అంటే ఎముక ఎక్కడుంది, కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, నరం ఏ దారిన పోతుంది అని పిల్లలకు చూపించే పని. పాత వైద్యంలోని మందులలో ఎంత గుణం ఉందో కొత్త శాస్త్రం పద్ధతిలో పరీక్షించి తేల్చాలనే కోరిక అక్కడే ఆయనలో బలపడింది. పాతది కాబట్టి గొప్పదని ఆయన అనలేదు, పాతది కాబట్టి పనికిరాదని కూడా అనలేదు. పరీక్షించి చూద్దామన్నారు.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో సుబ్బారావు గారు అమెరికా వెళ్ళారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్ చేరారు. భార్య అప్పుడు గర్భవతి. కొద్ది ఏళ్ళలో తిరిగి వస్తానని చెప్పి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడనేలేదు. శేషగిరి గారు జీవితమంతా ఎదురుచూపులోనే గడిపారు. గొప్పవాళ్ళ జీవితాలు రాసేటప్పుడు ఇంట్లో మిగిలిపోయినవాళ్ళ కష్టం రాయకుండా వదిలేస్తుంటారు. మేము వదలదలుచుకోలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వైద్యంలో డిప్లొమా చేశారు. చేతిలో డబ్బు లేదు. తెచ్చుకున్న పట్టాతో అక్కడ డాక్టర్ ఉద్యోగం రాదు. కాబట్టి ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా కుదిరారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని. వైద్యం చదివిన మనిషి రాత్రి ఆ పని చేసి, పగలు ప్రయోగశాలకు వెళ్ళేవారు. సెలవుల్లో కేటరింగ్ పనికి, బట్టల షాపు పనికి పోయి ఫీజు కట్టుకున్న మన పిల్లలకు ఈ సంగతి వేరే వివరించనక్కరలేదు.

తర్వాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే దగ్గర చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే ఒక పద్ధతి ప్రకటించారు. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వాడారు. బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు ఇప్పటికీ ఈ పేరు వింటారు. ఎక్కడో అమెరికా పుస్తకంలో మన తెలుగు పేరు చూసి మా బ్యాచ్ అంతా ఆశ్చర్యపోయాం.

కండ ఎలా పనిచేస్తుంది?

ఇక అసలు విషయానికి వద్దాం. కండ ముడుచుకోవడానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు అప్పటికి ఒక జవాబు ఉండేది. కండ పని చేసేటప్పుడు లాక్టిక్ ఆమ్లం పుడుతుంది, దానివల్లే కండ ముడుచుకుంటుంది అనుకునేవారు. కండ మీద చేసిన పరిశోధనలకే ఇంగ్లండుకు చెందిన హిల్‌కు, జర్మనీకి చెందిన మేయర్‌హాఫ్‌కు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. నోబెల్ వచ్చినవారి మాట కాబట్టి అందరూ అదే నమ్మారు.

ఫిస్కే, సుబ్బారావు తమ పద్ధతితో కండలోని భాస్వరాన్ని కొలవబోయారు. నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు, ఆలస్యంగా చిక్కబడింది. ఇంకొకరైతే రసాయనం పాడైందని పారబోసేవారేమో. వీళ్ళు ఆ ఆలస్యం ఎందుకని వెతికారు. కండలో చాలా త్వరగా విడిపోయే పదార్థం ఒకటి ఉందని, అందులో భాస్వరం క్రియాటిన్‌తో కలిసి ఉందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దీన్ని ప్రకటించారు. అదే కాలంలో ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులు కూడా ఈ పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావు కండ నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా దాన్ని కనుగొన్నాడు. 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లం అసలు పుట్టకుండా చేసినా కండ ముడుచుకుంటుందని నిరూపించాడు. దాంతో పాత సిద్ధాంతం పడిపోయింది. హిల్ కూడా ఆ మార్పును ఒప్పుకున్నాడు.

దీన్ని మన భాషలో చెప్పుకుందాం. ఏటీపీ అంటే కండ చేతిలోని చిల్లర డబ్బు. ఏ పనికైనా అదే ఖర్చవుతుంది. కానీ జేబులో ఉన్న చిల్లర గట్టిగా పనిచేస్తే రెండు మూడు క్షణాలకే అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ పక్కనే ఉన్న చిన్న గల్లా పెట్టె. చిల్లర అయిపోగానే అది నింపుతుంది. బరువు ఎత్తేటప్పుడు, పరుగు తీసేటప్పుడు మొదటి పది సెకన్లు మనల్ని నడిపించేది ఎక్కువగా ఈ గల్లా పెట్టే. ఆ తర్వాత తిండిలోని చక్కెర, కొవ్వు, పీల్చుకునే గాలి ఆ పని అందుకుంటాయి.

మార్కెట్‌లో హమాలీ అన్నలు వరుసగా నాలుగు బాక్సులు లారీకెక్కించి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఒక్క నిమిషం నిలబడతారు. చూసే మేస్త్రీకి అది సోమరితనంలా కనిపించవచ్చు. నిజానికి ఆ నిమిషంలోనే కండలోని గల్లా పెట్టె తిరిగి నిండుతుంది. అర నిమిషంలో సుమారు సగం, మూడు నాలుగు నిమిషాల్లో దాదాపు అంతా నిండుతుంది. దమ్ము తీసుకోవడం అని మన పెద్దలు అనేదానికి కండలో జరిగే పని ఇదే. కూలివాడు అడిగే ఆ ఒక్క నిమిషానికి శాస్త్రం సాక్ష్యం పలుకుతుంది.

రుద్దితే తగ్గే నొప్పి, రుద్దినా తగ్గని నొప్పి

ఇప్పటికీ చాలామంది ఒళ్ళు నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమని, మర్దన చేస్తే అది బయటికి పోతుందని చెబుతుంటారు. పని ఆపిన గంటసేపటిలోనే ఆ ఆమ్లం దానంతటదే మామూలు స్థాయికి వచ్చేస్తుందని ఇప్పుడు తెలుసు. అలవాటు లేని పని చేసిన మర్నాడు, ఎల్లుండి వచ్చే నొప్పికి కారణం వేరు. కండలోని సన్నని పోగులకు దెబ్బ తగిలి, అక్కడ కొద్దిగా వాపు రావడం వల్ల అది వస్తుంది.

కండతో పాటు దాన్ని చుట్టి ఉండే పొర మీద కూడా ఇప్పుడు చాలా పరిశోధన జరుగుతోంది. వేటమాంసం కోసేటప్పుడు కండ మీద తెల్లగా, పలుచగా, సాగే పొర ఒకటి కనిపిస్తుంది కదా, అదే ఫాషియా. ఒకప్పుడు శరీర నిర్మాణం నేర్పేవాళ్ళు కండను చూపించడానికి ఈ పొరను తీసి పారేసేవారు. ఆ పొర నిండా నొప్పి తెలిసే నరాలు ఉన్నాయి. జర్మనీ పరిశోధకులు 2014లో ప్రకటించిన ఒక పరీక్షలో నడుము దగ్గరి కండలోకి కన్నా దాని పొరలోకి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు మనుషులకు నొప్పి ఎక్కువగా తెలిసింది. ఫాషియా గురించి మొదటి అంతర్జాతీయ పరిశోధనా సదస్సు 2007లో బోస్టన్‌లోనే, హార్వర్డ్ వైద్య కళాశాల ఆవరణలోనే జరిగింది. ఎనభై ఏళ్ళ ముందు సుబ్బారావు గారు కండలోని భాస్వరం కొలిచింది ఆ విద్యాలయంలోనే.

మరి చేత్తో చేసే వైద్యం పనిచేస్తుందా? మన ప్రాంతంలో ఈ ప్రశ్న అడగడమే చాలామందికి తప్పుగా అనిపిస్తుంది. కాలు విరిగితే ఆసుపత్రికి పోకుండా పుత్తూరు కట్టుకు పోయేవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు, గుడ్డ చుట్టు మనకు కొత్త కాదు. ఊరికొక బెణుకులు తీసే అవ్వ ఉంటుంది. వీళ్ళ చేతి నేర్పును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కానీ సుబ్బారావు గారి దారి ఏమిటంటే, కొలిచి చూడడం. మర్దన వల్ల నడుము నొప్పి కొద్ది రోజులు తగ్గుతుందని, ఎక్కువ కాలం నిలిచే మేలుకు గట్టి సాక్ష్యం లేదని ఇప్పటివరకు జరిగిన పరీక్షలు చెబుతున్నాయి. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలం వేధించే నడుము నొప్పి గురించి సూచనలు ఇచ్చింది. నొప్పి గురించి రోగికి వివరంగా చెప్పడం, వ్యాయామం చేయించడం ముఖ్యమని, మర్దన వంటివి వాటితో కలిపి వాడవచ్చని, నడుముకు బెల్టులు కట్టడం, బరువులు వేలాడదీసి లాగడం మామూలుగా అక్కరలేదని అందులో ఉంది. 2020లో ప్రపంచంలో సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో ఉన్నారని అంచనా. మన అమ్మానాన్నలు ఆ లెక్కలో ఉన్నవాళ్ళే.

ఒకే చీటీలో రెండు మాత్రలు

అయితే కొన్ని నొప్పులు ఎంత రుద్దినా తగ్గవు. మా బ్యాచ్‌లో ఒకరి తల్లికి నలభై ఏళ్ళు రాకముందే చేతివేళ్ళ కణుపులు వాచాయి. పొద్దున లేస్తే గంట వరకు పిడికిలి మూసుకునేది కాదు. చెంబు పట్టుకోలేకపోయేది. పని ఎక్కువైందని అందరూ అనుకున్నారు. నూనె రుద్దారు, కట్టు కట్టారు. ఊళ్ళో సూదులు వేసే ఒకాయన ఏదో ఇంజెక్షన్ ఇస్తే వారం హాయిగా ఉండేది, మళ్ళీ మొదటికి వచ్చేది. మూడేళ్ళు ఇలాగే పోయాయి. చివరికి ఒక పెద్దాసుపత్రిలో చూపిస్తే కీళ్ళవాతం అన్నారు, రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కీళ్ళ మీద దాడి చేసే జబ్బు అది. అప్పటికే రెండు వేళ్ళు వంకర తిరిగాయి.

డాక్టర్ చీటీలో ముఖ్యంగా రెండు మందులు ఉన్నాయి. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్క రోజు మాత్రమే. రెండోది ఫోలిక్ ఆమ్లం. ఆ రెండు మందులూ సుబ్బారావు గారు నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చినవే అని మేము పీజీలో చదివి తెలుసుకున్నాం.

ఆ కథ ఇది. సుబ్బారావు గారికి 1930లో పీహెచ్.డి. వచ్చింది. కానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు. కండలో చేసిన పనికి రావలసినంత పేరు కూడా రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే వల్ల వెలుగు చూడలేదని, వాటిని వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవలసి వచ్చిందని ఆయనతో పనిచేసిన జార్జ్ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. ఆ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది. 1940లో సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రం పెరల్ రివర్‌లోని లెడర్లే కంపెనీకి వెళ్ళి అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించారు.

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. రక్తం తయారు కావడానికి, కణాలు పెరగడానికి ఇది అవసరం. ఇప్పుడు మన ఊళ్ళో గర్భిణీలకు ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఇదే. తర్వాత ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే మందులు తయారుచేశారు. కణాలు విపరీతంగా పెరిగే జబ్బులో వాటి ఆహారాన్ని అడ్డుకోవాలని ఆలోచన. అలాంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. అంతవరకు చావు తప్పదనుకున్న పిల్లల్లో కొందరికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఆ సంగతి ప్రచురించారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్.

1951లో అమెరికాలో గబ్నర్ అనే డాక్టర్, ఆయన బృందం అమినోప్టెరిన్ వల్ల కీళ్ళవాతం రోగులకు మేలు జరిగిందని రాశారు. చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980లలో సరిగ్గా పరీక్షలు జరిగాయి. 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్‌ను అనుమతించారు. ఇప్పుడు ఆ జబ్బుకు ప్రపంచమంతటా మొదట వాడే మందుల్లో ఇది ముఖ్యమైనది. ఖరీదూ తక్కువ. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు కన్నా చాలా తక్కువగా, వారానికి ఒక్కసారే ఇస్తారు. దాని వల్ల నోటిపూత, వికారం వంటివి రాకుండా ఫోలిక్ ఆమ్లం తోడుగా ఇస్తారు. ఒకే పరిశోధనశాల నుంచి వచ్చిన మందు, దానికి అడ్డువేసే మందు, రెండూ ఒకే తల్లి చేతిలో ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పకుండా చెప్పాలి. వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణీలు వాడకూడదు. అప్పుడప్పుడు రక్త పరీక్షలు చేయించాలి. డాక్టర్ చెప్పకుండా కొనకూడదు, డాక్టర్ చెప్పకుండా మానకూడదు. చదవడం రాని మన పెద్దవాళ్ళకు ఏ వారం, ఏ రోజు అని క్యాలెండర్ మీద గుండ్రం చుట్టి చూపించే పని మనదే.

చివరి రోజులు

ఆ కొద్ది ఏళ్ళలోనే లెడర్లేలో ఇంకా రెండు పెద్ద మందులు వచ్చాయి. 1947లో బోదకాలు జబ్బుకు హెట్రజాన్, అంటే డి.ఇ.సి. మాత్ర. బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించే మాత్రల్లో ఉండేది అదే. 1948లో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రవేత్త సుబ్బారావు గారి ప్రోత్సాహంతో కనుక్కున్న ఆరియోమైసిన్‌ను ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతిలో అది మొదటి మందు. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూ జబ్బుకు తర్వాతి కాలంలో డాక్టర్లు ఇస్తున్నది ఫోలిక్ ఆమ్లం, దానితో పాటు టెట్రాసైక్లిన్. ఆ రెండూ ఆయన కాలంలో, ఆయన చూస్తుండగా వచ్చినవే. కానీ ఆ ఇంటికి అవసరమైన రోజున అవి లేవు.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి ఆయన చనిపోయారు. వయసు 53 ఏళ్ళు. పాతికేళ్ళకు పైగా అమెరికాలో ఉన్నా ఆ దేశ పౌరసత్వం తీసుకోలేదు. పేరు కోసం పత్రికల వెంట పడలేదు. 1953లో కొత్తగా కనుగొన్న ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. 1995లో శతజయంతి సందర్భంగా మన ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది. అయినా మన హైస్కూల్ పిల్లల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువే.

మనం చేయగలిగినది

మిత్రులారా, ఇంతా చదివి గొప్ప మనిషి అని పేజీ తిప్పేస్తే లాభం లేదు. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మను, నాన్నను నాలుగు ప్రశ్నలు అడగండి. నొప్పి పని చేస్తే పెరుగుతుందా, లేక పొద్దున లేవగానే ఎక్కువగా ఉండి కదిలితే తగ్గుతుందా? పొద్దున బిగుసుకుపోవడం అరగంట దాటి ఉంటోందా? రెండు చేతుల చిన్న కీళ్ళూ ఒకేలా వాస్తున్నాయా? ఆరు వారాలు దాటినా ఉందా? వీటికి అవును అనే జవాబు వస్తే నూనెతో, కట్టుతో, తెలియని సూదులతో కాలం గడపవద్దు. పెద్దాసుపత్రికి తీసుకుపోండి. మొదటి ఏడాదిలోనే మందు మొదలుపెడితే వేళ్ళు వంకర పోకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ. అది కీళ్ళవాతం కాకపోతే, పని అలుపు నొప్పి అయితే, రాత్రికి మీరే నూనె రాసి రుద్దండి. కొద్దిసేపైనా హాయి ఇస్తుందని పరీక్షలు కూడా చెబుతున్నాయి కదా.

ఇంకొక విన్నపం. జనవరి 12న వివేకానంద జయంతి. జాతీయ యువజన దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఒకప్పుడు రామకృష్ణ మఠంలో చేరాలనుకున్న సుబ్బారావు గారు పుట్టినది కూడా అదే రోజు. వచ్చే జనవరి 12న మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్ళలో వివేకానందుని ఫోటో పక్కన సుబ్బారావు గారి ఫోటో కూడా పెట్టాలని వార్డెన్ గార్లను, పూర్వ విద్యార్థులను కోరుతున్నాం. ఫోటో తెచ్చే బాధ్యత మేము తీసుకుంటాం. ఆ రోజు మాట్లాడే అవకాశం సప్లిమెంటరీ రాసి పాసైన తమ్ముడికో, చెల్లెలికో ఇవ్వండి.